పాత మందుల కంపెనీ స్థలంలో కొత్త మార్కెట్: నేల పరీక్షకు పద్దు వెతికిన కేసు

నేపథ్యం

పూర్వపు నల్గొండ జిల్లాలో ఒక చిన్న మున్సిపాలిటీ. 2018 దాకా అది మేజర్ గ్రామ పంచాయతీ. ఊరి చివర, చెరువుకు ఎగువన, పదకొండు ఎకరాల ప్రభుత్వ భూమిలో ఒకప్పుడు మందుల తయారీకి కావలసిన ముడి రసాయనాలు చేసే కంపెనీ నడిచింది. మూతపడి పదిహేనేళ్లు దాటింది. అప్పిచ్చిన సంస్థ యంత్రాలను తుక్కు కింద అమ్ముకుంది. కంపెనీ పేరు రిజిస్టర్లలోంచి పోయింది. షరతులతో ఇచ్చిన భూమి కాబట్టి రెవెన్యూ వాళ్లు వెనక్కి తీసుకుని మున్సిపాలిటీకి అప్పగించారు. అక్కడ కూరగాయలు, మాంసం ఒకేచోట అమ్మే సమీకృత మార్కెట్ కట్టాలని కౌన్సిల్ తీర్మానించింది, నిధులూ మంజూరయ్యాయి.

నేను భూగర్భజలాలు, నేల కాలుష్యం మీద పనిచేస్తాను. ఈ కేసులో సాంకేతిక సలహాదారుగా ఉన్నాను. మనుషులను, ఊరిని గుర్తుపట్టగలిగే వివరాలు తీసేశాను, కొన్ని అంకెలను సవరించాను. నిర్ణయాల వెనుక ఉన్న ఆలోచనను మాత్రం వీలైనంత వివరంగా రాస్తున్నాను. మన జిల్లాల్లో ఇలాంటి స్థలాలు ఇంకా చాలా ఉన్నాయి. వాటి మీద ఇళ్లో, బడులో, మార్కెట్లో కట్టే రోజు వచ్చినప్పుడు ఎవరో ఒక ఇంజినీరుకు ఇదే సమస్య ఎదురవుతుంది.

సమస్య ఎలా బయటపడింది

2022 వేసవిలో పునాదుల కోసం ఎస్‌బీసీ పరీక్ష, అంటే నేల ఎంత బరువు మోయగలదో తేల్చే పరీక్ష, చేయడానికి నాలుగు గుంతలు తవ్వించారు. మూడింటిలో మామూలు ఎర్ర చల్క, కింద మొరం. వెనుకవైపు నాలుగో గుంతలో రెండు మీటర్ల లోతున నల్లటి జిగురు మట్టి వచ్చింది. లోపల తవ్వుతున్న కూలీకి తల తిరిగి వాంతులయ్యాయి. మున్సిపల్ ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు) పని ఆపించి, గుంత చుట్టూ తాడు కట్టించి, రిజిస్టర్‌లో రాసి, ఆ సాయంత్రమే నాకు ఫోను చేశారు. మొత్తం కేసులో అతి ముఖ్యమైన నిర్ణయం అదేనని ఇప్పటికీ అనుకుంటాను. ఆ గుంతను పూడ్చి పక్కన ఇంకొకటి తవ్వించి ఉంటే అడిగేవాళ్లు లేరు.

మొదటి ప్రయత్నాలు, అవి ఎందుకు విఫలమయ్యాయి

నేను వెళ్లేలోపే స్థలంలోని పాత బోరు నీళ్లు పరీక్షకు వెళ్లాయి. మోటారు వేసి, పది నిమిషాలు వదిలి, ప్లాస్టిక్ సీసాలో పట్టి, తాగునీటికి చేసే మామూలు పరీక్షలు చేయించారు. ఫ్లోరైడ్ లీటరుకు 2.3 మిల్లీగ్రాములు, కరిగిన లవణాలు ఎక్కువ. మిగిలినవి హద్దుల్లోనే ఉన్నాయి. తాగునీటి ప్రమాణంలో ఫ్లోరైడ్‌కు గరిష్ఠ పరిమితి 1.5. వేరే జిల్లాలో ఆ అంకె చూస్తే ఉలిక్కిపడేవారు. ఇక్కడ మాత్రం "నల్గొండ అన్నాక ఫ్లోరైడ్ ఉండదా" అని ఫైలు పక్కన పెట్టారు. అందులో కొంత నిజం ఉంది. ఇక్కడి ఫ్లోరైడ్ గ్రానైట్ రాళ్లలోని ఖనిజాల నుంచి వస్తుంది, కంపెనీకీ దానికీ సంబంధం లేదు. కానీ తెలిసిన చెడు ఒకటి కనిపించేసరికి తెలియని చెడును వెతకడం ఆపేశారు.

రెండోసారి చెరువు నీళ్లు పరీక్షించారు. వాలు చెరువువైపే కాబట్టి కాలుష్యం ఉంటే అక్కడికే చేరాలన్నది వాళ్ల తర్కం. చెరువు నీటిలో ఏమీ కనిపించలేదు. "స్థలం సురక్షితం" అని ఒక లేఖ కూడా సిద్ధమైంది.

రెండు పరీక్షలదీ ఒకే లోపం. కంపెనీ ఏం వాడిందో తెలుసుకోకుండా ఏం కొలవాలో నిర్ణయించారు. ఇలాంటి కంపెనీలు పదార్థాలను కరిగించడానికి వాడే రసాయన ద్రావకాలు మామూలు నీటి పరీక్ష జాబితాలో ఉండవు. పైగా అవి ఆవిరయ్యే రకం. ఎండీసీ అని కార్మికులు పిలిచే డైక్లోరోమీథేన్ 40 డిగ్రీలకే మరుగుతుంది. మోటారు దెబ్బకు గాలితో కలిసిన నీళ్లను వెడల్పు మూతి సీసాలో పట్టి, ఎండలో స్కూటరు మీద తీసుకెళ్తే ల్యాబు చేరేసరికి అందులో దొరకడానికి ఏమీ మిగలదు.

మూడో వైఫల్యం నాది. స్థలమంతటికీ పూర్తిస్థాయి పరిశోధనకు 22 లక్షల రూపాయల అంచనా ఒకేసారి ఇచ్చాను. సాంకేతికంగా అందులో తప్పు లేదు. కానీ ఉందో లేదో తెలియని కాలుష్యం కోసం 22 లక్షలు ఖర్చు పెట్టమని ఒక చిన్న మున్సిపాలిటీని అడిగాను. కౌన్సిల్ సమావేశంలో ఒక సభ్యురాలు అడిగిన ప్రశ్న చాలా సూటిగా ఉంది: "ఇది ఏ పద్దు కింద ఖర్చు చేయాలి?" నా దగ్గర సమాధానం లేదు.

పద్దు వెతుకులాట

ఆ ప్రశ్న పట్టుకుని ఆరు నెలలు తిరిగాం.

కాలుష్యం చేసినవాడే ఖర్చు భరించాలన్నది 2010 నాటి జాతీయ హరిత ట్రైబ్యునల్ చట్టంలోనే ఉన్న సూత్రం. కానీ ఇక్కడ కంపెనీ లేదు, డైరెక్టర్ల చిరునామాలకు పంపిన లేఖలు తిరిగొచ్చాయి. కేసు వేయాలన్నా కాలుష్యం ఉందని ముందు చూపించాలి. చూపించాలంటే పరీక్ష చేయాలి. పరీక్షకే డబ్బు లేదు.

జిల్లా ఖనిజ నిధిలో పర్యావరణానికి, తాగునీటికి ప్రాధాన్యం ఉంది. అయితే అది గనుల తవ్వకం వల్ల దెబ్బతిన్న ప్రాంతాలకు. మాది గని కాదు. అడిగాం, కుదరదన్నారు. ఆ తిరస్కరణ సబబైనదే.

దగ్గర్లోని ఒక కంపెనీ తన సామాజిక బాధ్యత నిధుల నుంచి పూర్తి ఖర్చు ఇస్తామంది. ఫలితాలు ముందు తమకు చూపాలన్నది షరతు. అదే రకం రసాయనాలు వాడే కంపెనీ. పొరుగు బోర్లలో ఏదైనా బయటపడితే అది ఎవరిదన్న ప్రశ్న వస్తుంది. ఆ డబ్బుతో వచ్చే ఏ ఫలితాన్నీ ఊళ్లో ఎవరూ నమ్మరని కమిషనర్‌కు చెప్పి వద్దనిపించాను. ఉచితంగా వచ్చే డబ్బును వద్దనమని సలహా ఇవ్వడం తేలిక కాలేదు. రెండు రోజులు ఆలోచించాకే చెప్పాను.

ప్రపంచ బ్యాంకు సాయంతో 2010లో మొదలైన కాలుష్య నిర్వహణ ప్రాజెక్టులో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి కాటేదాన్ దగ్గరి నూర్ మహమ్మద్ కుంట, కడప చెత్త డంపు ఎంపికయ్యాయి. అవి అప్పటికే అందరికీ తెలిసిన స్థలాలు. మాది ఏ జాబితాలోనూ లేదు. జాబితాలోకి ఎక్కాలంటే మళ్లీ పరీక్ష ఫలితమే కావాలి.

అమెరికా ఈ చిక్కును ముందే చూసింది. అక్కడి 1980 నాటి సూపర్‌ఫండ్ చట్టం బాధ్యులను పట్టుకుని శుభ్రం చేయించడానికి వచ్చింది. ఆ బాధ్యత ఎక్కడ తమకు చుట్టుకుంటుందోనన్న భయంతో, కాస్త అనుమానం ఉన్న స్థలాలను కూడా కొనడానికి, కట్టడానికి జనం వెనకాడారు. అలాంటి పాత స్థలాల కోసం 1995లో అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ బ్రౌన్‌ఫీల్డ్ కార్యక్రమం మొదలుపెట్టింది, 2002లో వచ్చిన చట్టం దాన్ని స్థిరపరిచింది. అంచనాకు ఒక గ్రాంటు, శుద్ధికి వేరే గ్రాంటు. స్థలం శుభ్రంగా ఉందని తేలినా మొదటి గ్రాంటు వృథా అయినట్టు లెక్క కాదు, ఎందుకంటే ఆ డబ్బు ఇచ్చేది తెలుసుకోవడానికే. మనకు కట్టడానికి పద్దు ఉంది. రుజువయ్యాక శుద్ధి చేయడానికి ఏదో ఒక దారి ఉంది. ఆ రెండింటి మధ్య ఉన్న చిన్న ఖర్చుకే చోటు లేదు.

దారి దొరికిన చోటు

దారి ఏఈ చూపించారు. "ఎస్‌బీసీ పరీక్ష ఖర్చును ఎవరూ ప్రశ్నించలేదు కదా సార్, ఎందుకు?" అన్నారు. పునాది ఎంత లోతు వేయాలన్న నిర్ణయం ఆ పరీక్ష మీద ఆధారపడుతుంది కాబట్టి. అది నిర్మాణ అంచనాలోనే ఒక అంశం. నేలలో విషం ఉందా అన్నది కూడా మార్కెట్‌ను ఎక్కడ కట్టాలి, నీళ్లు ఎక్కడి నుంచి తేవాలి, మట్టిని ఎక్కడ పారబోయాలి అన్న నిర్ణయాలకు అవసరమే.

అప్పటి నుంచి ఆలోచన తలకిందులైంది. పర్యావరణం పేరుతో కొత్త పద్దు వెతకడం మానేసి, పరీక్షను మూడు దశలుగా విడగొట్టాం. ప్రతి దశకూ ఒకే ప్రశ్న: దీని ఫలితం మీద ఎవరు ఏ నిర్ణయం తీసుకోవాలి? ఆ నిర్ణయం ఎవరిదో ఖర్చు వాళ్ల పద్దులోకి వెళ్తుంది.

మొదటి దశ కాగితాలు, జ్ఞాపకాలు. ఖర్చు లక్షా అరవై వేలు, మున్సిపల్ సాధారణ నిధి నుంచి. సమాచార హక్కు కింద పాత అనుమతి పత్రాలు తెప్పించాం. ఏ ముడి సరుకులు, ఏ ద్రావకాలు, రోజుకు ఎంత వ్యర్థజలం అన్నీ అందులో ఉన్నాయి. పాత ఉపగ్రహ చిత్రాల్లో బాయిలర్ గది వెనుక ఒక నల్లటి మరక కొన్నేళ్లు కనిపించి, తర్వాత పచ్చికలో కలిసిపోయింది. అక్కడ వాచ్‌మన్‌గా చేసిన పెద్దాయన మమ్మల్ని నేరుగా ఆ చోటికే తీసుకెళ్లారు. "మూసేసే ముందు డ్రమ్ములు ఇక్కడే పాతిపెట్టారు బాబూ, నేనే లాంతరు పట్టుకున్నాను" అన్నారు. నాలుగో ఎస్‌బీసీ గుంత దానికి పాతిక అడుగుల దూరంలో ఉంది.

అదే వారంలో, పక్క పంచాయతీ పరిధిలో బత్తాయి తోట ఉన్న రైతును కలిశాం. నీళ్ల గురించి అడిగితే ఫిర్యాదేమీ లేదన్నారు. ఇల్లాలు అందుకుని, "పొద్దున మోటారు వేయగానే ఐదు నిమిషాలు నెయిల్ పాలిష్ లాంటి వాసన వస్తుంది, తర్వాత పోతుంది" అన్నారు. నా నోట్‌బుక్‌లో ఆ మాట కింద రెండు గీతలున్నాయి. తోట చెరువు దిక్కున లేదు, తూర్పున ఉంది. తోటకూ చెరువుకూ మధ్య నల్లరాళ్ల వరుస ఒకటి పొలాల మీదుగా సాగుతుంది. గ్రానైట్‌లోకి చొచ్చుకొచ్చిన డోలరైట్ గోడ అది. గట్టి రాయి కావడంతో భూమి లోపల నీటికి అడ్డుకట్టలా నిలుస్తుంది. నేల మీది వాలు చెరువుకు పోతున్నా, కింది నీరు ఆ గోడను తాకి, దాని అంచు వెంట తూర్పుకు తిరుగుతోందని అనుమానించాను. చెరువు నీళ్లు బాగుండటానికి కారణం దొరికినట్టయింది.

ఆ బోరులో నమూనా తీసేటప్పుడు మోటారు వేయనివ్వలేదు. రాత్రంతా కదలని నీటిలోకి సన్నని గొట్టం లాంటి బెయిలర్ దింపి, 40 మిల్లీలీటర్ల ముదురు గాజు సీసాల్లో గాలి బుడగ లేకుండా నింపి, మంచులో పెట్టి పంపాం. ఎండీసీ లీటరుకు 340 మైక్రోగ్రాములు వచ్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ తాగునీటికి సూచించిన విలువ 20. ఎండీసీ నేలలో సాధారణంగా ఇన్నేళ్లు మిగలదు, సూక్ష్మజీవులు విరగ్గొడతాయి. ఇప్పటికీ ఇంత ఉందంటే ఎక్కడో మూలం ఇంకా ఊరుతోంది. ఆ తోట మున్సిపాలిటీ హద్దు బయట ఉంది కాబట్టి ఆ పరీక్ష ఖర్చును బిల్లులో చూపలేక నేనే భరించాను. ఇది పద్ధతిగా ఎవరికీ సిఫార్సు చేయను. సలహాదారు జేబు మీద ఆధారపడే పరీక్ష రెండోసారి జరగదు.

రెండో దశ క్షేత్ర పరిశోధన. దాదాపు 9 లక్షలు. మార్కెట్ నిర్మాణ అంచనాను సవరించి "స్థల పరిశోధన, నేల, భూగర్భజల రసాయన పరీక్షలతో సహా" అన్న అంశంగా ఎస్‌బీసీ పక్కనే పెట్టారు. దేన్నీ దాచలేదు. మొదటి దశ నివేదిక జతచేసి, ఈ అంశం లేకపోతే భవనం ఎక్కడ కట్టాలో నిర్ణయించలేమని రాశారు. సాంకేతిక మంజూరు వచ్చింది.

ఇక్కడ బోర్లు వేయకూడదని పట్టుబట్టాను. రాతిలోకి కొత్త బోరు దించితే పై పొరలోని విషానికి కింది పగుళ్లలోకి మనమే దారి వేసినట్టవుతుంది. ఎండీసీ నీటికంటే బరువైనది, దారి దొరికితే కిందికే దిగుతుంది. పైగా ఇక్కడి బోరు బండి గాలి ఒత్తిడితో తవ్వుతుంది, ఆ గాలి ఆవిరయ్యే రసాయనాలను చెదరగొట్టి ఫలితాలనే మార్చేస్తుంది. అందుకే ఆగర్ అనే చేతితో తిప్పే తవ్వుడు మరతో రాయి తగిలేదాకా మాత్రమే వెళ్లి, అక్కడే ఆగి, గొట్టాలు దించి పరిశీలన బావులు చేశాం. నేలలోని గాలిని ముప్పై చోట్ల కొలిచాం. చేతిలో పట్టుకునే మీటరులో ఉండే మామూలు 10.6 ఎలక్ట్రాన్ వోల్టుల దీపం టొలీన్ అనే మరో ద్రావకాన్ని పడుతుంది, ఎండీసీని చూడలేదు. అనుమతి పత్రాల్లో రెండూ ఉన్నాయి కాబట్టి టొలీన్ ఆనవాలుతో చోటు గుర్తించి, ఎండీసీని ల్యాబులో నిర్ధారించుకున్నాం. మీటరు సున్నా చూపిందని సంబరపడే ముందు అది దేన్ని చూడగలదో అడగాలి.

ఆడిట్‌లో ఒక్క అభ్యంతరం వచ్చింది. శుద్ధమైన నీళ్లు నింపిన సీసాలను ఊరంతా తిప్పి, మళ్లీ ల్యాబుకే ఇచ్చి పరీక్ష చేయించి డబ్బు కట్టడం ఎందుకని అడిగారు. న్యాయమైన ప్రశ్న. దారిలో, బండిలో, ల్యాబులో నమూనాలకు బయటి రసాయనం అంటలేదని రుజువు చేసేది ఆ ఖాళీ నమూనాలే. రేపు కోర్టులో అడిగే మొదటి ప్రశ్నకు అదే జవాబు. రాసిచ్చాం, అభ్యంతరం తొలగింది.

మూడో దశ పొరుగు ఊరు. నీళ్లు వాడేది ఆ పంచాయతీ ప్రజలు కాబట్టి నిర్ణయమూ వాళ్లదే. పదిహేనో ఆర్థిక సంఘం నిధుల్లో తాగునీటికే ఖర్చు చేయాలని కేటాయించిన భాగం ఉండేది. పంచాయతీ కార్యదర్శి దాని కింద బడి దగ్గరి చేతిపంపు, పశువుల తొట్టికి నీళ్లిచ్చే బోరు పరీక్షకు పెట్టారు. "మిషన్ భగీరథ నీళ్లొచ్చాక బోరు నీళ్లు తాగేవాళ్లెవరు" అని ఒక అధికారి అన్నారు. ఇళ్లలో తాగకపోవచ్చు. మధ్యాహ్నం ఆటలు ముగిశాక పిల్లలు చేతిపంపు దగ్గరే దోసిలి పడతారు. చేతిపంపులో ఏమీ లేదు, పశువుల బోరులో ఎండీసీ ఉంది. ఆ బోరు మూయించారు, తొట్టికి కుళాయి కనెక్షన్ ఇచ్చారు.

ఫలితం

పదకొండు ఎకరాల్లో ఎకరంన్నర దాకా తీవ్రంగా చెడింది, దాని చుట్టూ ఇంకో రెండెకరాలు అనుమానాస్పదం. మిగిలింది వాణిజ్య వినియోగానికి పనికొస్తుంది. భూమి దేనికి వాడతామన్న దాన్ని బట్టి హద్దులు మారతాయి, ఇళ్లకు పనికిరానిది మార్కెట్‌కు పనికి రావచ్చు. మార్కెట్‌ను రహదారి వైపుకు జరిపారు. స్థలంలో బోరు వేయకూడదన్న షరతు నక్షాలోనే రాశారు. వెనుక భాగానికి కంచె వేశారు. డ్రమ్ములను కదిలించలేదు. ప్రమాదకర వ్యర్థాలను ఎక్కడికి, ఎవరి ఖర్చుతో తీసుకెళ్లాలో తేలకుండా తవ్వితే నేలలో ఉన్న సమస్యను గాలిలోకి తెచ్చినట్టే.

2025 జులైలో కేంద్రం కలుషిత స్థలాల నిర్వహణ నిబంధనలు తెచ్చింది. జిల్లా యంత్రాంగం అనుమానిత స్థలాల జాబితా ఆరు నెలలకోసారి ఇవ్వాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి లేదా ఇందుకోసం గుర్తించిన నిపుణ సంస్థ 90 రోజుల్లో ప్రాథమిక అంచనా, ఆ తర్వాత మూడు నెలల్లో వివరమైన సర్వే చేయాలి. బాధ్యులు దొరకకపోతే శుద్ధి ఖర్చు కేంద్ర, రాష్ట్రాలు పంచుకోవాలి. మా మూడు దశల నివేదికలతో కమిషనర్ కలెక్టర్‌కు లేఖ రాశారు. ఆ నిబంధనల్లో మొదటి మెట్టు "అనుమానం". అనుమానాన్ని కాగితం మీద పెట్టడానికి ఎవరో ఒకరు గుంతలోని నల్లమట్టిని చూసి పని ఆపాలి, పాత వాచ్‌మన్‌తో మాట్లాడాలి, రైతు ఇంట్లో ఇల్లాలు చెప్పేదాకా కూర్చోవాలి. దానికి అయ్యేది లక్షా అరవై వేలు. ప్రతి పాత పారిశ్రామిక స్థలాన్ని చేతులు మార్చే ముందు ఆ మొదటి దశ ఖర్చును భూమి బదిలీలోనే ఒక అంశంగా పెట్టాలని నేను గట్టిగా కోరుతున్నాను. ఈ కేసులో భూమిని వెనక్కి తీసుకున్న రోజే అది జరిగి ఉంటే, ఒక కూలీ ఆ గుంతలోకి దిగేవాడు కాదు.

బత్తాయి రైతు తోటకు ఇప్పుడు వేరే బోరు నీళ్లు పారుతున్నాయి, నల్లరాళ్ల వరుసకు అవతల నుంచి. పాత బోరుకు మూత వేసి పరిశీలన బావిగా ఉంచాం. మార్కెట్‌లో మొదటి వరుస దుకాణాలు తెరిచాక, వాటి అద్దె నుంచి ఏటా నాలుగుసార్లు నమూనాలు తీయడానికి సొమ్ము కేటాయించారు. మున్సిపల్ లెక్కల పుస్తకంలో ఆ పద్దుకు ఇప్పుడొక పేరుంది: భూగర్భజల పరిశీలన. తర్వాతి నమూనాలు వానాకాలం చివర, నీటిమట్టం పైకొచ్చినప్పుడు తీయాలి.